కుక్కతోక పట్టుకుని గోదారి

"కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టు" అని మనకో సామెత ఉంది. చేతకాని ఆసరాని నమ్ముకుని పెద్ద పనికి దిగేవాణ్ణి వెక్కిరించడానికి వాడతాం. మా తాతగారు దీన్ని వారానికొకసారైనా నా మీద ప్రయోగించేవారు, ముఖ్యంగా లెక్కల పరీక్షల ముందు. 2022 అక్టోబరులో ఒక శనివారం పొద్దున్న, ఇక్కడ ఒక జంతువుల ఆసుపత్రిలో, గోరువెచ్చటి నీళ్ళు నింపిన అద్దాల తొట్టిలో మా కుక్క నడుస్తుంటే, ఇవతల నిలబడి చూస్తున్న మా అమ్మ నోట మళ్ళీ ఈ సామెత విన్నాను. ఈసారి వెక్కిరింత కాదు. అదేమిటో తర్వాత చెబుతాను. ముందు కుక్క సంగతి, ఆ తర్వాత కాస్త చరిత్ర.

మా కుక్క పేరు బెల్లం. షెల్టర్ నుంచి తెచ్చుకున్న ఆడకుక్క. లాబ్రడార్ అన్నారు గానీ చెవులు చూస్తే మధ్యలో ఇంకెవరో చుట్టాలు కలిశారనిపిస్తుంది. రంగు అచ్చం అనకాపల్లి బెల్లం, అందుకని మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. ఎనిమిదో ఏట, వేసవిలో, ఉడతని తరుముకుంటూ వెళ్ళి వెనక ఎడమకాలు ఎత్తిపట్టుకుని మూడు కాళ్ళ మీద తిరిగొచ్చింది. రెండు రోజులకి కాలు దింపింది గానీ వేళ్ళ కొసలు మాత్రం ఆనించేది. కూర్చుంటే ఆ కాలు పక్కకి చాపి, పెళ్ళి బంతిలో కింద కూర్చోలేని పెద్దాయనలా ఒక పక్కకి ఒరిగేది. కారెక్కమంటే నావైపు జాలిగా చూసేది.

నేను చేసిన మొదటి పని మనవాళ్ళెవరైనా చేసేదే. "కొన్నాళ్ళు రెస్ట్ ఇద్దాం, అదే తగ్గిపోతుంది" అన్నాను.

తగ్గలేదు. డాక్టరమ్మ కాలు అటూ ఇటూ కదిపి చూసి, మోకాలి లోపల ఉండే క్రూషియేట్ లిగమెంటు తెగిందని చెప్పింది. (కుక్క వెనక కాలికి వెనక్కి పొడుచుకొచ్చినట్టు కనబడేదాన్ని నేను ఇన్నాళ్ళూ మోకాలు అనుకున్నాను. అది మడమట. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన ఉంటుంది.) ఫుట్‌బాల్ ఆడేవాళ్ళకి ఒక్క దెబ్బతో తెగే లిగమెంటు ఇదే. కుక్కల్లో మాత్రం చాలావరకు అలా కాదు. బావి చేంతాడులా నెలల తరబడి పోగు పోగుగా అరిగి, చివరికొక రోజు ఉడత మీద నేరం మోపి తెగుతుంది. ఒక కాలికి తెగిన కుక్కల్లో దాదాపు సగానికి తర్వాతెప్పుడో రెండో కాలికీ తెగుతుంది.

ఆపరేషన్ చేశారు. రెండు వారాలకి కుట్లు విప్పి నా చేతిలో రెండు కాగితాలు పెట్టారు. ఒకటి బిల్లు. రెండోది పన్నెండు వారాల వ్యాయామాల పట్టిక. కుక్కకి!

"మరి రెస్ట్ ఇవ్వాలి కదా?" అని అడిగాను.

"పరుగులూ గెంతులూ వద్దు. కదలిక కావాలి" అంది డాక్టరమ్మ. "విశ్రాంతి ఇవ్వడం వేరు, కదలకుండా పడెయ్యడం వేరు."

చిన్న మాటే. కానీ వైద్యులకే ఈ మాట అర్థం కావడానికి వందేళ్ళు దాటింది. ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టాను (ప్రాజెక్టు డెడ్‌లైన్ ఉన్నప్పుడే నాకు ఇలాంటి చదువు వంటబడుతుంది). చదివినకొద్దీ తేలిందేమిటంటే, ఈ కథలో కుక్కలు, గుర్రాలు, మనుషులు ఒకరి దగ్గర ఒకరు పాఠాలు నేర్చుకుంటూ వచ్చారు.

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో విశ్రాంతే మహామంత్రం. లండన్ గైస్ ఆసుపత్రి సర్జన్ జాన్ హిల్టన్ విశ్రాంతి గురించి ఇచ్చిన ఉపన్యాసాలని 1863లో పుస్తకంగా వేశాడు. దెబ్బ తిన్న భాగాన్ని కదలనివ్వకపోతే ప్రకృతే బాగుచేసుకుంటుందని ఆయన వాదం. ఆ పుస్తకం తరవాతి ముద్రణల్లో 'రెస్ట్ అండ్ పెయిన్' అనే పేరుతో డాక్టర్లు తరతరాలుగా చదివారు. లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ ఇంకో అడుగు ముందుకి వేసి, విశ్రాంతి అంటే బలవంతంగానైనా, ఎడతెరిపి లేకుండా, చాలాకాలం ఇవ్వాల్సిందే అన్నాడు. కాలిని కదలకుండా పట్టి ఉంచే ఆయన స్ప్లింటు ఇప్పటికీ 'థామస్ స్ప్లింట్' పేరుతోనే ఉంది.

వాళ్ళని తప్పు పట్టడానికి లేదు. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు, ఎక్స్‌రేలు లేవు. కీళ్ళకి క్షయ పట్టిన పిల్లలు వార్డుల నిండా ఉండేవారు. అలాంటి కీలుని కదపకపోవడం నిజంగానే మేలు చేసేది. ఒకచోట పనిచేసిన మందుని అన్నిటికీ వాడెయ్యడంతోనే చిక్కు వచ్చింది. మన సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటివి రోజూ చూస్తుంటాం కాబట్టి నాకేం ఆశ్చర్యం కలగలేదు.

అదే కాలంలో పారిస్‌లో జూస్ట్ లూకా షాంపియోన్యేర్ అనే సర్జన్ దీనికి ఎదురు తిరిగాడు. ఎముక విరిగినవాళ్ళకి మర్దనా చేసి, వీలైనంత త్వరగా కీళ్ళు కదిపించాలని చెప్పి, 1895లో దానిమీద పెద్ద పుస్తకమే రాశాడు. ఆ రోజుల్లో ఆయన మాట విన్నవాళ్ళు తక్కువ.

మనుషుల ఫిజియోథెరపీకి ఊపు తెచ్చినవి రెండు. ఒకటి మొదటి ప్రపంచ యుద్ధం, రెండోది పోలియో. యుద్ధం నుంచి కుంటుతూ వచ్చిన సైనికులకి వ్యాయామాలు నేర్పడానికి అమెరికా సైన్యం ఆడవాళ్ళని తీసుకుని శిక్షణ ఇచ్చింది. వాళ్ళే 1921లో మేరీ మెక్‌మిలన్ అధ్యక్షురాలిగా సంఘం పెట్టుకున్నారు. ఇవాళ్టి అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్ అదే. సరిగ్గా అదే 1921లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కి రెండు కాళ్ళూ పడిపోయాయి. 1924లో ఆయన జార్జియాలో వార్మ్ స్ప్రింగ్స్ అనే ఊరు వెళ్ళాడు. అక్కడి ఊటనీళ్ళు ఎప్పుడూ 88 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర గోరువెచ్చగా ఉంటాయి. నేలమీద నిలబడలేని మనిషి ఆ నీళ్ళలో నిలబడగలిగాడు. 1926లో ఆ స్థలం కొనేసి, పోలియో వచ్చినవాళ్ళ కోసం చికిత్సా కేంద్రం పెట్టాడు. మా బెల్లం నడిచిన తొట్టికి పూర్వీకుడు ఆ మడుగే అనుకోవచ్చు.

ఇక కుక్కల దగ్గరికి వద్దాం.

1930ల్లో బోస్టన్‌లోని ఏంజెల్ మెమోరియల్ జంతువుల ఆసుపత్రిలో ఎర్విన్ ష్రోడర్ అనే పశువైద్యుడు, థామస్ గారి స్ప్లింటుని కుక్క కాలికి సరిపోయేలా మార్చాడు. కాలు విరిగితే చాలాసార్లు చంపేసే రోజుల్లో అది ఎన్నో కుక్కల్ని బతికించింది. కానీ స్ప్లింటుతో పాటు థామస్ గారి విశ్రాంతి కూడా వచ్చింది. తొడ ఎముక విరిగిన చిన్న కుక్కపిల్లకి వారాల తరబడి కాలు చాపి కట్టేస్తే, ఎముక చక్కగా అతుక్కునేది. కట్టు విప్పేసరికి తొడ కండరం ఎముకకి అంటుకుపోయి, మోకాలు వంగకుండా కర్రలా బిగిసిపోయేది. ఎక్స్‌రేలో అంతా బాగుంటుంది, కుక్క మాత్రం కుంటిది. తర్వాతివాళ్ళు ఈ అవస్థకి 'ఫ్రాక్చర్ డిసీజ్' అని పేరు పెట్టారు. విరగడం వల్ల కాకుండా, విరిగినదానికి చేసిన వైద్యం వల్ల వచ్చే జబ్బన్నమాట.

అదే దశాబ్దంలో పెన్సిల్వేనియాలోని ఆర్డ్‌మోర్‌లో ఆటో స్టేడర్ అనే మరో పశువైద్యుడికి రోజూ ఒకటే తలనొప్పి. కుక్కలకి కట్టు కడితే నమిలి పారేస్తాయి, పడుకోమంటే పడుకోవు. కదలకుండా ఉండడం కుక్క చేత కాదు కాబట్టి, కదిలినా అతుక్కునే ఉపాయం ఆలోచించాడు. విరిగిన చోటికి పైనా కిందా ఎముకలోకి మేకుల్లాంటి పిన్నులు దింపి, బయట ఒక కడ్డీతో బిగించాడు. కుక్క ఆ కడ్డీతోనే లేచి నడిచేది. ఇది చూసి న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రి డాక్టర్లు మనుషులకి వాడారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం గాయపడిన నావికులకి ఈ 'స్టేడర్ స్ప్లింట్' బిగించింది. నెలల తరబడి మంచాన పడాల్సిన మనుషులు లేచి తిరిగారు. కుక్కలు మాట వినకపోవడం వల్ల మనుషులకి జరిగిన మేలు ఇది.

యుద్ధం తర్వాత స్విట్జర్లాండ్‌లో కొందరు సర్జన్లు 1958లో 'ఏఓ' అనే బృందంగా ఏర్పడ్డారు. ఎముకని ప్లేట్లతో, స్క్రూలతో గట్టిగా బిగించి వెంటనే కీళ్ళు కదిపించాలి, లేకపోతే ఫ్రాక్చర్ డిసీజ్ తప్పదు అన్నది వాళ్ళ మూలసూత్రాల్లో ఒకటి. 1969లో ఇదే పద్ధతి పశువైద్యులకి నేర్పడానికి 'ఏఓ వెట్' వచ్చింది. అంటే ఆపరేషన్ బల్ల మీద కుక్కకీ మనిషికీ తేడా పోయింది. తేడా అంతా బల్ల దిగిన తర్వాతే. మనిషికి ఫిజియోథెరపిస్టు వచ్చేది. కుక్కని మాత్రం "ఆరు వారాలు బోనులో ఉంచండి" అని ఇంటికి పంపేసేవారు.

ఆ లోటు కాస్త ముందుగా తీరింది గుర్రాలకి. కారణం ఊహించడం తేలికే, వాటిమీద డబ్బుంది. రెండో ప్రపంచ యుద్ధం ముందు రోజుల్లో లండన్‌లో చార్లెస్ స్ట్రాంగ్ అనే ఫిజియోథెరపిస్టు, కండరాల్లోకి చిన్నపాటి కరెంటు పంపి అవి బిగిసి వదిలేలా చేసే వైద్యం చేసేవాడు. ఆయన దగ్గర వైద్యం చేయించుకున్న ఒక పోలో ఆటగాడు, నాకు పనిచేసింది నా గుర్రాలకెందుకు పనిచెయ్యదు అని అడిగాడు. ఆ ఆటగాడు మరెవరో కాదు, తర్వాత మన దేశానికి చివరి వైస్రాయిగా వచ్చిన మౌంట్‌బాటెన్. స్ట్రాంగ్ 1967లో గుర్రాల గాయాల వైద్యం మీద పుస్తకం కూడా రాశాడు. 1926 నుంచి ఇంగ్లండులో జోరందుకున్న గ్రేహౌండ్ పందాల్లో కుక్కలకి కూడా ఇలాంటి వైద్యాలు మెల్లగా అందాయి. పందెంలో పరిగెత్తే కుక్కకి తప్ప ఇంట్లో కుక్కకి ఎవరు చేస్తారు?

ఇంటి కుక్క గురించి ఆలోచించిన మొదటివాళ్ళలో ఆన్ డౌనర్ ఒకరు. ఒహాయోలో మనుషుల ఫిజికల్ థెరపిస్టు. జంతువులకి ఈ పద్ధతులు ఎలా చెయ్యాలో వివరిస్తూ 1978లో ఒక చిన్న పుస్తకం వేసింది. ఆ తర్వాత పదిహేనేళ్ళు పెద్దగా చప్పుడు లేదు.

1990ల్లో కదలిక వచ్చింది. ఫిజికల్ థెరపిస్టులు పశువైద్యులతో కలిసి పనిచెయ్యొచ్చని అమెరికాలో వాళ్ళ సంఘం 1993లో ఒప్పుకుంది. పశువైద్య సంఘం 1996లో తన మార్గదర్శకాల్లో ఈ వైద్యానికి చోటిచ్చింది. 1997లో కుక్కల కోసమే తయారైన నొప్పి మాత్ర కార్ప్రొఫెన్ అమెరికాలో అమ్మకానికి వచ్చింది. దానికీ దీనికీ ఏం సంబంధం అంటారా? నొప్పి తగ్గకపోతే కుక్క కాలు కింద పెట్టదు, పెట్టకపోతే కండరం రాదు. (మన ఇళ్ళలో ఉండే ఐబూప్రొఫెన్ లాంటివి మాత్రం కుక్కలకి వెయ్యకండి. కడుపులో పుళ్ళు పడతాయి, మూత్రపిండాలు పాడవుతాయి.) ఇక 1999లో, ఓరెగన్ రాష్ట్రం కార్వాలిస్‌లో, జంతువుల పునరావాస వైద్యం మీద మొట్టమొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. రెండోది 2002లో టెనెసీలోని నాక్స్‌విల్‌లో. అక్కడి విశ్వవిద్యాలయానికి చెందిన డారిల్ మిల్లిస్, ఫిజికల్ థెరపిస్టు డేవిడ్ లెవీన్, డెన్వర్ పశువైద్యుడు రాబర్ట్ టేలర్ కలిసి 2004లో తెచ్చిన పుస్తకమే ఈ రంగానికి పాఠ్యపుస్తకం అయింది. 2010లో పశువైద్యుల్లో ఇదొక ప్రత్యేక శాఖగా గుర్తింపు పొందింది.

పేరు గురించి ఒక మాట. అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టాల ప్రకారం 'ఫిజికల్ థెరపీ' అనే పేరు మనుషులకి చేసే వైద్యానికే చెందుతుంది. అందుకని కుక్కలకి చేసేదాన్ని ఇక్కడ 'రిహాబిలిటేషన్' అంటారు. చేసేది చాలావరకు ఒకటే.

సరే, ఇంతకీ ఏ కుక్కకి ఇది ఉపయోగం?

మొదటిది మా బెల్లం లాంటివి, మోకాలి ఆపరేషన్ అయినవి. 51 కుక్కల మీద చేసిన ఒక పరిశీలన 2002లో అచ్చయింది. ఆపరేషన్ తర్వాత వ్యాయామాలు, ఈత చేయించిన కుక్కలు ఆరు నెలలకి రెండు వెనక కాళ్ళ మీదా సమానంగా బరువు మోపాయి. ఇంట్లో కట్టేసి ఉంచినవి ఇంకా మంచి కాలి మీదే ఎక్కువ ఆధారపడుతున్నాయి.

రెండోది వెన్ను జబ్బులు. పొడుగు నడుము, పొట్టి కాళ్ళ డాక్స్‌హండ్‌లకి వెన్నుపూసల మధ్య డిస్కు జారి వెనక కాళ్ళు పడిపోవడం మామూలు. ఆపరేషన్ అయినా కాకపోయినా, నడక మళ్ళీ నేర్పాల్సిందే. పొట్ట కింద తువ్వాలు వేసి పైకి పట్టుకుని, పాదాలు ఒక్కొక్కటీ సరిగ్గా ఆనిస్తూ నేర్పుతారు.

మూడోది నయం కాని జబ్బులు. జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద కుక్కలకి ముసలితనంలో వెన్నుపాము క్షీణించి కాళ్ళు చచ్చుబడే జబ్బొకటి ఉంది. దానికి మందు లేదు. స్విట్జర్లాండ్‌లో 22 కుక్కలని గమనించి 2006లో వేసిన లెక్క చూడండి: రోజూ గట్టిగా వ్యాయామం చేయించిన కుక్కలు సగటున 255 రోజులు బతికాయి, మధ్యస్తంగా చేయించినవి 130, అసలు చేయించనివి 55. చిన్న పరిశీలన, పైగా ఎంత చేయించాలన్నది యజమానుల ఇష్టం కాబట్టి ఓపికున్న యజమానుల కుక్కలే ఎక్కువ కాలం బతికి ఉండొచ్చు. అయినా 55కీ 255కీ మధ్య తేడా కొట్టిపారేసేది కాదు.

నాలుగోది, అన్నిటికంటే ఎక్కువ కనబడేది, కీళ్ళనొప్పులూ బరువూ. తుంటి కీలు సరిగ్గా అమరని జబ్బుని కుక్కల్లో 1935లోనే గుర్తించారు. లాబ్రడార్‌లకి, షెపర్డ్‌లకి ఇది ఎక్కువ. ఇలాంటి కుక్కలకి అన్నిటికంటే చవకైన వైద్యం తిండి తగ్గించడం. 48 లాబ్రడార్ పిల్లల్ని 24 జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి జీవితాంతం పావువంతు తక్కువ తిండి పెట్టారు. 2002లో ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్నవి సగటున 13 ఏళ్ళు, మిగతావి 11.2 ఏళ్ళు బతికాయి. కీళ్ళ అరుగుదల కూడా ఆలస్యంగా వచ్చింది. హైదరాబాదు ఫ్లాట్లలో రెండు పూటలా పెరుగన్నం తిని సోఫా అంత అయిన లాబ్రడార్‌లని తలుచుకోండి.

నీళ్ళెందుకు అంటే, నీళ్ళు బరువు మోస్తాయి కాబట్టి. కొలిచి చూశారు కూడా. నీళ్ళు కుక్క మడమ దాకా ఉంటే, తన బరువులో 91 శాతం కాళ్ళ మీద పడుతుంది. మోకాలి దాకా ఉంటే 85, తుంటి దాకా ఉంటే 38 శాతమే. కింద ట్రెడ్‌మిల్ పట్టీ మెల్లగా తిరుగుతుంటుంది కాబట్టి నడవక తప్పదు. వారం వారం నీటి మట్టం దించుకుంటూ వస్తారు.

అందరికీ అన్నీ పనికిరావు. ఎముక ఇంకా నిలకడగా బిగియకపోయినా, కుట్లు మానకపోయినా, చీము ఉన్నా, గుండెజబ్బు అదుపులో లేకపోయినా నీళ్ళలోకి దించరు. ఎందుకు కుంటుతోందో తెలియకుండా వ్యాయామం మొదలుపెట్టకూడదు. ఎముకలో కేన్సర్ ఉన్నా కుంటుతుంది. క్లినిక్కుల్లో అమ్మే లేజర్లు వగైరాల్లో కొన్నిటికి రుజువులు ఇంకా పల్చగానే ఉన్నాయి. ఇంట్లో మనం చెయ్యగలిగినవి మాత్రం ఖర్చు లేనివి. గ్రానైటు నేల మీద కాలు జారకుండా జంపఖానాయో రబ్బరు చాపో పరవడం, గోళ్ళు కత్తిరించడం, మెల్లగా ఎత్తు ఎక్కించడం. ఇంకా, కూర్చోబెట్టి నిలబెట్టడం.

ఈ చివరిది మా ఇంట్లో పెద్ద తమాషా అయింది. పట్టికలో రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి పది చొప్పున, కుక్కని కాళ్ళు పక్కకి పోకుండా సరిగ్గా కూర్చోబెట్టి, మళ్ళీ నిలబెట్టమని ఉంది. మా ఆవిడ చూసి, "ఏమండీ, ఇవి గుంజీళ్ళు కదూ!" అంది. అప్పటినుంచి మా ఇంట్లో అవి గుంజీళ్ళే. ఆ సెప్టెంబరులో ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ, "పాపం మూగజీవం, నొప్పితో ఉన్నదాని చేత గుంజీళ్ళు తీయిస్తారా, కాస్త పడుకోనియ్యరా" అని రెండు వారాలు నామీద కోప్పడింది.

అందుకే ఆ శనివారం అమ్మని కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళాను. తొట్టిలోకి నీళ్ళు నిండాయి. పట్టీ కదిలింది. ఇంటి దగ్గర వేళ్ళ కొసలు ఆనించే బెల్లం, నీళ్ళలో నాలుగు పాదాలూ నిండుగా ఆనించి నడిచింది. అమ్మ అద్దానికి దగ్గరగా వెళ్ళి ఆ ఎడమ పాదం వైపే చూస్తూ నిలబడింది. చాలాసేపటికి, "కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టు అంటారు గానీ, ఇది బాగానే దాటేలా ఉందిరా. మీ నాన్నకి ఆ తోక కూడా దొరకలేదు" అంది.

నాన్న 1999 జులైలో, వానకి తడిసిన వీధి అరుగు మీద జారి పడ్డారు. తొడ ఎముక విరిగింది. కాకినాడలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు, బాగానే చేశారు. నేనప్పుడు పోర్ట్‌లాండ్‌లో వైటూకే ప్రాజెక్టులో ఉన్నాను. సెలవు దొరకలేదు. దొరకలేదు అనేకంటే, హెచ్-1 మీద ఉండి అడగడానికి ధైర్యం చాల్లేదు అనడం నిజం. ఆదివారం ఆదివారం ఫోన్ కార్డు గీకి మాట్లాడేవాణ్ణి. మూడు నిమిషాలు క్షేమసమాచారాలు, ఆఖర్న ప్రతిసారీ ఒకటే మాట: "బాగా రెస్ట్ తీసుకోండి నాన్నా. ఏమీ తొందర లేదు."

నాన్న రెస్ట్ తీసుకున్నారు. నాలుగు నెలలు మంచం మీదే. ఎముక అతికింది. మోకాలు వంగలేదు, తొడ సన్నబడిపోయింది. వాకర్ పట్టుకుని వాకిలి దాకా వచ్చేవారు, తర్వాత అదీ మానేశారు. 2003లో పోయారు. ఆయన కాలు అలా కావడానికి వయసే కారణం అనుకుంటూ ఇరవై ఏళ్ళు గడిపాను.

తిరిగి వస్తుంటే కారులో అమ్మ చెప్పింది. ఆపరేషన్ చేసిన డాక్టరుగారు మూడో రోజు నుంచే నిలబెట్టి నడిపించమన్నారట. రోజూ మోకాలు వంచి చాపమన్నారట. మొదట్లో నాలుగు రోజులు చేశారట కూడా. నొప్పికి నాన్న తట్టుకోలేకపోయేవారు.

"మరి ఎందుకు మానేశారమ్మా?"

"నువ్వు ఫోనులో రెస్ట్ అన్నావు కదరా. అమెరికాలో ఉన్నవాడు, పెద్ద పెద్ద డాక్టర్లని అడిగి చెబుతున్నాడు, వాడి మాట వినండే అన్నారు మీ నాన్న. ఇంక డాక్టరుగారి మాట ఎవరు వింటారు?"

నేనెవర్నీ అడగలేదు. ప్రేమగా ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. అమ్మ నిష్ఠూరంగా కూడా చెప్పలేదు, జరిగింది చెప్పింది, అంతే. సిగ్నల్ పచ్చబడి వెనక కారువాడు హారన్ కొట్టేదాకా నేను కదల్లేదు.

కార్వాలిస్ సదస్సు సంగతి చదివింది ఆ తర్వాతే. నేనుండే పోర్ట్‌లాండ్‌కి అది ఎనభై పైచిలుకు మైళ్ళు. కుక్కని ఎలా నడిపించాలా అని వాళ్ళు అక్కడ కూర్చుని మాట్లాడుకున్న ఏడాదే, రెండు గంటల దూరంలో నుంచి నేను నాన్నకి కదలొద్దని చెబుతున్నాను. నేను ఆ సదస్సుకి వెళ్ళినా నాన్నకి ఒరిగేదేమీ లేదు, ఆయనకి కావాల్సిన సలహా కాకినాడ డాక్టరుగారు అప్పటికే ఇచ్చేశారు. అయినా ఆ ఏడాది అంకె చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

పన్నెండు వారాలు అయ్యేసరికి బెల్లం నేరుగా కూర్చోవడం మొదలుపెట్టింది. కుడికాలు ఇంకా తెగలేదు, తెగొచ్చు. ఉడతల మీద పగ తగ్గలేదు. అమ్మ మోకాళ్ళు కూడా ఎప్పట్నుంచో అరిగిపోయి ఉన్నాయి. ఆ నవంబరులో ఒక రోజు నేను పొద్దున్నే కిందికి దిగి వచ్చేసరికి, వంటింట్లో బెల్లం గుంజీళ్ళు తీస్తోంది. ఎదురుగా అమ్మ, బల్ల అంచు పట్టుకుని, కుర్చీలోంచి లేస్తూ కూర్చుంటూ లెక్కపెడుతోంది. బెల్లంకి ప్రతి గుంజీకీ ఒక బిస్కట్ ముక్క ముడుతోంది. అమ్మకి కాఫీ నేను కలిపాను.

ఇప్పుడు ఇక్కడి స్నేహితులెవరైనా, "ఊళ్ళో నాన్న పడ్డారు, రెస్ట్ తీసుకోమని చెప్పాను" అంటే, నేనొకటే అడుగుతున్నాను: "డాక్టరు ఎప్పట్నుంచి నడవమన్నారు?" చాలామందికి తెలియదు. ముందు అది కనుక్కుని, ఆ తర్వాత ఫోను చెయ్యమంటున్నాను.